తవుడును పాడుచేసేదే... డీజిల్ చేసిపెడుతుంది!

వాడేసిన వంటనూనెను ఇంధనంగా మార్చే ఎంజైములు శాస్త్రవేత్తల దగ్గర ఎప్పట్నుంచో ఉన్నాయి. వాటి ఖరీదే గుదిబండ. ఆ బరువు దించే పనిని ఇప్పుడు కంటికి కనిపించని ఇనుప రేణువులకు అప్పగిస్తున్నారు.

పచ్చిబియ్యం ఆడించే రైస్‌మిల్లులో తవుడుకు ఆయుష్షు తక్కువ. రాజన్న సిరిసిల్ల జిల్లా ముస్తాబాద్ లాంటి వరి పండే చోట్ల ఈ సంగతి మిల్లు వాళ్లకే కాదు, బర్రెలకు తవుడు కలిపి పెట్టే ఇల్లాళ్లకూ తెలుసు. కొన్నాళ్లు సంచిలో ఉంటే చాలు, ముక్కిపోయిన వాసన వస్తుంది. అదే ఉప్పుడు బియ్యం ఆడించే బాయిల్డ్ మిల్లు తవుడైతే ఇంకొంత కాలం ఆగుతుంది. రెండూ వడ్ల నుంచి వచ్చినవే. మరి ఈ తేడా ఎందుకు?

కిటుకంతా 'లైపేజ్' అనే ఎంజైములో ఉంది. బియ్యపు గింజ పైపొరల్లో నూనె ఒకచోట, లైపేజ్ ఇంకోచోట వేర్వేరుగా ఉంటాయి. మర ఆడగానే ఆ పొరలు చితికి రెండూ కలిసిపోతాయి. ఇక అక్కణ్నుంచి లైపేజ్ తన పని మొదలుపెడుతుంది. నూనెను తెంచి కొవ్వు ఆమ్లాలుగా విడగొడుతుంది. పచ్చి తవుడులో ఈ ఆమ్లాలు రోజుకు 5 నుంచి 7 శాతం దాకా పెరుగుతాయి. ఆమ్లం పెరిగిన కొద్దీ తవుడు నూనె తినడానికి పనికిరాకుండా పోతుంది. బాయిల్డ్ మిల్లులో వడ్లను ముందే ఆవిరికి ఉడికిస్తారు కాబట్టి ఆ వేడికి లైపేజ్ పనిచేయడం మానేస్తుంది. అందుకే ఆ తవుడు ఎక్కువ రోజులు నిలుస్తుంది.

మిల్లరుకు నష్టం తెచ్చిపెట్టే ఈ లైపేజ్‌కు చుట్టాలైన ఎంజైములే ఇప్పుడు ప్రయోగశాలల్లో మంచి పనికి ఉపయోగపడుతున్నాయి. మిర్చిబజ్జీలు వేయించి వేయించి నల్లబడిన నూనెను డీజిల్ ఇంజిన్ తాగే ఇంధనంగా మారుస్తున్నాయి!

గంజిని తినేదీ ఎంజైమే

ఎంజైము అంటే మరేదో కాదు. జీవుల్లో ఒక్కో పనిని వేగంగా జరిపించే ప్రొటీన్. అన్నం ముద్దను కాసేపు నములుతూ ఉంటే తియ్యగా అనిపిస్తుంది కదా, అది లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైము చలవే. గింజలోని పిండిని అది చక్కెరగా మారుస్తుంది.

ఇదే అమైలేజ్ బట్టల పరిశ్రమలోనూ పనికొస్తుంది. సాంచె మీద ఆడేటప్పుడు తెగిపోకుండా నూలు దారానికి గంజి పట్టిస్తారన్నది సిరిసిల్లలో చిన్నపిల్లలకూ తెలిసిన విషయం. బట్ట నేశాక, అద్దకానికి ముందు ఆ గంజిని వదిలించాలి. లేదంటే రంగు సరిగ్గా పట్టదు. ప్రాసెసింగ్ మిల్లుల్లో అందుకు వాడేది అమైలేజ్ ఎంజైమునే. అది గంజిని మాత్రమే తింటుంది, నూలు జోలికి వెళ్లదు. ఎంజైముల గొప్పతనం అదే. తన పనేదో తాను చేసుకుపోతుంది, పక్కదాన్ని ముట్టుకోదు.

మూడు పోగుల కథ

నూనెతో బండి నడపడం కొత్త ఆలోచన కాదు. 1900లో ప్యారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలోనే ఒక చిన్న డీజిల్ ఇంజిన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. అయితే నూనె చిక్కన. నేరుగా ట్యాంకులో పోస్తే నేటి ఇంజిన్లలోని సన్నని నాజిల్స్ మూసుకుపోతాయి. కాబట్టి దాన్ని ముందు పల్చన చేయాలి. 1937లో బెల్జియం శాస్త్రవేత్త షావాన్ అందుకో పద్ధతి కనిపెట్టి పేటెంట్ తీసుకున్నారు. ఆ తర్వాతి ఏడాదే అక్కడ పామాయిల్ నుంచి చేసిన ఇంధనంతో ఓ బస్సు నడిచింది.

ఆ పద్ధతి ఏమిటంటే... నూనె అణువు మూడు పొడుగాటి పోగులను ఒకచోట ముడేసినట్టు ఉంటుంది. పోగులు కొవ్వు ఆమ్లాలు. ముడి గ్లిజరిన్. ఆ ముడి విప్పి, ఒక్కో పోగు కొసకు ఒక్కో మిథనాల్ అణువును తగిలిస్తే పోగులు విడివిడిగా వచ్చేస్తాయి. చిక్కటి నూనె పల్చబడుతుంది. అదే బయోడీజిల్! సుమారుగా 100 కిలోల నూనెకు 11 కిలోల మిథనాల్ పడుతుంది. 100 కిలోల బయోడీజిల్, 10 కిలోల పైచిలుకు గ్లిజరిన్ వస్తాయి.

ఈ ముడి దానంతటది ఊడిరాదు. అందుకోసం ఫ్యాక్టరీల్లో కాస్టిక్ సోడా లాంటి క్షారాన్ని కలిపి 60 డిగ్రీల దాకా వేడిచేస్తారు. గంటా గంటన్నరలో పని పూర్తవుతుంది. ఖర్చూ తక్కువే. చిక్కల్లా నూనె దగ్గరే వస్తుంది. శుభ్రమైన నూనె అయితే సరే. అందులో ఆమ్లం ఒకటి రెండు శాతం దాటినా, కాస్త నీటి చెమ్మ ఉన్నా క్షారం దారి తప్పుతుంది. డీజిల్‌కు బదులు సబ్బు తయారవుతుంది! ఆ సబ్బు నురగలో గ్లిజరిన్ విడిపోదు, బయోడీజిల్ తేటపడదు. కడిగిన కొద్దీ మురికినీళ్లు.

మరి చౌకగా దొరికే నూనెలన్నీ అలాంటివే. పదేపదే మరిగించిన వంటనూనె, ముక్కిన తవుడు నుంచి తీసిన నూనె, నిలవున్న కానుగ నూనె... అన్నింట్లోనూ ఆమ్లమే. శుభ్రమైన నూనె వాడదామా అంటే, అది మనుషులు తినేది. దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి దేశాల నుంచే కొంటున్నప్పుడు దాన్ని ఇంజిన్లలో పోయడం న్యాయం కాదు, గిట్టుబాటూ కాదు.

చెడ్డ నూనెకు మంచి మందు

లైపేజ్ అవసరం ఇక్కడే వస్తుంది. చుట్టూ నీళ్లుంటే నూనెను తెంచి ఆమ్లాలు చేసే ఈ ఎంజైముకు నీళ్లు తగ్గించి మిథనాల్ అందిస్తే వేరే పని చేస్తుంది. నూనె ముడి విప్పి పోగులకు మిథనాల్‌ను తగిలిస్తుంది. అప్పటికే విడిపోయి ఉన్న కొవ్వు ఆమ్లాలను కూడా వదలకుండా బయోడీజిల్‌గా మార్చేస్తుంది. సబ్బు సమస్యే లేదు. 60 డిగ్రీల మంట అక్కర్లేదు. 30 నుంచి 45 డిగ్రీలు చాలు. అంటే మన వేసవి ఎండంత వేడి! గ్లిజరిన్ కూడా ఉప్పు, సబ్బు కలవకుండా శుభ్రంగా చేతికొస్తుంది.

ఇన్ని సుగుణాలున్నా ఫ్యాక్టరీలు దీన్ని వెంటనే నెత్తిన పెట్టుకోలేదు. కారణాలు మూడు. మొదటిది, నెమ్మది. క్షారం గంటలో చేసే పనికి ఎంజైము ఒక రోజో, అంతకన్నా ఎక్కువో తీసుకుంటుంది. రెండోది, మిథనాల్ ఎక్కువైతే ఎంజైమే చెడిపోతుంది. మూడోది, అన్నింటికన్నా పెద్దది... ధర. కాస్టిక్ సోడాతో పోలిస్తే లైపేజ్ ఖరీదు ఎన్నో రెట్లు. పైగా నూనెలో కలిపేశాక దాన్ని తిరిగి ఏరుకునే దారి లేదు. ఒక్కసారి వాడి పారబోయాల్సిందే.

రెండో సమస్యకు 1999లో జపాన్‌లోని ఒసాకా శాస్త్రవేత్తలు సులువైన ఉపాయం చూపించారు. మిథనాల్‌ను ఒకేసారి గుమ్మరించకుండా మూడు విడతలుగా పోశారు. పసిబిడ్డకు కొంచెం కొంచెంగా తినిపించినట్టన్నమాట! వాళ్లు వాడింది అంటార్కిటికాలో దొరికిన ఒక ఈస్టుకు చెందిన లైపేజ్. దాన్ని నూనెలో విడిగా కలపకుండా చిన్న గింజల్లాంటి ప్లాస్టిక్ పూసలకు పట్టించారు. పని కాగానే పూసలను వడకట్టి మళ్లీ వాడారు. అలా ఒకటి కాదు రెండు కాదు, 50 సార్లు వాడినా ఎంజైము పనితనం పెద్దగా తగ్గలేదు.

ఎంజైమును దేనికైనా అంటించి వాడుకోవచ్చన్న ఆలోచనకు వందేళ్లు దాటాయి. 1916లోనే అమెరికాలో నెల్సన్, గ్రిఫిన్ అనే శాస్త్రవేత్తలు బొగ్గుపొడికి అంటుకున్న ఎంజైము కూడా చక్కగా పనిచేస్తుందని గమనించారు. 1969లో జపాన్‌కు చెందిన తనాబే సెయాకు కంపెనీ ఈ పద్ధతిని తొలిసారి ఫ్యాక్టరీ స్థాయిలో వాడింది.

ఆరు గుంటల కాగడం

పూసలతో పని జరుగుతున్నప్పుడు ఇక నానో రేణువులు ఎందుకు? ఎంజైము అంటుకునేది పూస పైభాగానికీ, లోపలి సన్నటి రంధ్రాల గోడలకూ. చిక్కటి నూనె ఆ రంధ్రాల్లోకి దూరి బయటికి రావడం తేలిక కాదు. గ్లిజరిన్ జిగురు పట్టి దారులు మూసుకుపోతాయి. అదే రేణువు చాలా చిన్నదైతే లోపలికి దూరే పనే లేదు. అంతా పైభాగమే!

ఒక లెక్క వేసి చూస్తే ఇది ఇట్టే అర్థమవుతుంది. ఒక సెంటీమీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న చిన్న దిమ్మె తీసుకుంటే దాని పైభాగం మొత్తం 6 చదరపు సెంటీమీటర్లు. తపాలా బిళ్లంత. అదే దిమ్మెను 10 నానోమీటర్ల ముక్కలుగా తరిగితే అన్నింటి పైభాగం కలిపి 600 చదరపు మీటర్లు అవుతుంది. మన లెక్కలో చెప్పాలంటే దాదాపు ఆరు గుంటల భూమి! నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు. ఒక లైపేజ్ అణువే 3 నుంచి 5 నానోమీటర్లు ఉంటుంది. చిటికెడు పొడి మీద లెక్కలేనన్ని ఎంజైములకు చోటు దొరుకుతుందన్నమాట.

మరి ఇంత సన్నటి పొడిని నూనెలోంచి తిరిగి తీయడం ఎలా? ఏ గుడ్డా దాన్ని వడకట్టలేదు. అందుకే మాగ్నటైట్‌ను ఎంచుకున్నారు. ఇది అయస్కాంతానికి అంటుకునే ఒక రకం ఇనుప ఆక్సైడు. రెండు రకాల ఇనుప లవణాలను నీళ్లలో కలిపి క్షారం పోస్తే నల్లటి పొడిగా అడుగున చేరుతుంది. దీనికి ఓ తమాషా గుణం ఉంది. రేణువులు బాగా చిన్నవైనప్పుడు, పక్కన అయస్కాంతం ఉన్నంతసేపే అవి అయస్కాంతాలవుతాయి. తీసేయగానే మామూలుగా మారి నూనెలో మళ్లీ విడివిడిగా తేలతాయి. ఒకదానికొకటి అతుక్కుని ముద్దకట్టవు.

ఇక పని సులువే. రేణువుకు పైన ఒక పూత వేసి, ఎంజైమును రసాయన బంధంతో దానికి కట్టేస్తారు. ఆ పొడిని నూనె, మిథనాల్‌తో కలిపి గోరువెచ్చగా తిప్పుతారు. పనయ్యాక పాత్ర పక్కన బలమైన అయస్కాంతం పెడితే నల్లటి పొడి అంతా ఆ వైపు గోడకు చేరుతుంది. తేటపడిన బయోడీజిల్‌ను వంపేసుకుని, పొడిని కడిగి మళ్లీ వాడుకోవడమే. 2009లో చైనా పరిశోధకులు సోయా నూనెతో ఇలాగే చేసి చూస్తే 90 శాతానికి పైగా నూనె బయోడీజిల్‌గా మారింది. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో ఇలాంటి ప్రయోగాలు జరిగాయి. ఇనుప రేణువులే కాదు, సిలికా, కార్బన్ నానోగొట్టాలు, గ్రాఫీన్ ఆక్సైడు రేకుల మీదా ఎంజైములను కూర్చోబెట్టి చూశారు.

అసలు ప్రశ్న: ఎన్నిసార్లు?

ప్రయోగశాలలో 90 శాతం వచ్చిందంటే బంకులోకి వచ్చేసినట్టు కాదు. ఇక్కడ తేల్చాల్సిన లెక్క ఒక్కటే. ఒకసారి కొన్న ఎంజైము ఎన్నిసార్లు పనికొస్తుంది?

మాటవరసకు 100 లీటర్ల నూనెకు వెయ్యి రూపాయల ఎంజైము పట్టిందనుకుంటే, ఒక్కసారితో పారబోస్తే లీటరుకు 10 రూపాయలు దాని ఖర్చే. పదిసార్లు వాడితే రూపాయి. యాభైసార్లు వాడగలిగితే ఇరవై పైసలు! కాబట్టి రేణువు చిన్నదా, పెద్దదా అన్నదానికన్నా ఎన్ని విడతలు ఆగుతుందన్నదే ముఖ్యం. కడిగినప్పుడల్లా కొంత ఎంజైము ఊడిపోతుంది. మిథనాల్ కొంత దెబ్బతీస్తుంది. గ్లిజరిన్ పొరలా పట్టేస్తుంది. నానో రేణువుల తయారీకీ, పూతకూ అయ్యే ఖర్చు ఉండనే ఉంది. గ్రాముల్లో చేసినదాన్ని టన్నుల్లో చేయడం ఇంకో ఎత్తు. పైగా రేణువులు ఇంధనంలో మిగిలిపోకుండా చూడాలి.

ఈలోగా పరిశ్రమ ఇంకో దారీ వెతుక్కుంది. డెన్మార్క్‌కు చెందిన నోవోజైమ్స్ సంస్థ 2014 డిసెంబరులో 'ఎవర్సా' పేరుతో ద్రవరూపంలోని లైపేజ్‌ను మార్కెట్లోకి తెచ్చింది. దేనికీ అంటించకుండా నేరుగా నూనెలో కలిపేయడమే. ఎంజైమును తిరిగి పట్టుకునే తిప్పలకన్నా దాన్నే చౌకగా తయారుచేయడం మేలన్నది ఆ సంస్థ లెక్క. అమెరికాలో కొన్ని బయోడీజిల్ ప్లాంట్లు దాన్ని అందుకున్నాయి. కట్టేసి మళ్లీ మళ్లీ వాడటమా, చౌకగా చేసి వదిలేయడమా? పోటీ ఈ రెంటి మధ్యే.

ఎంజైములు ప్రయోగశాల గడప దాటలేవన్న భయం మాత్రం అక్కర్లేదు. తవుడు నూనెలోని జిగురును ఎంజైముతో తొలగించే పద్ధతిని హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, అదే మన ఐఐసీటీ శాస్త్రవేత్తలే రూపొందించారు. దాన్ని నూనె మిల్లులు వాడుకున్నాయి కూడా.

అడవి ఆముదం నేర్పిన పాఠం

బయోడీజిల్ పేరు చెబితే పల్లెల్లో కొందరికి చేదు జ్ఞాపకాలూ ఉంటాయి. 2002 డిసెంబరు 31న ఢిల్లీ-అమృత్‌సర్ శతాబ్ది రైలును 5 శాతం బయోడీజిల్ కలిపి నడిపారు. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ కోటీ 10 లక్షల హెక్టార్లకు పైగా జట్రోఫా, అంటే అడవి ఆముదం వేయాలని సిఫార్సు చేసింది. బీడు భూముల్లో, నీళ్లు లేకున్నా పండుతుందన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కానుగకూ ప్రాధాన్యమిచ్చారు. తీరా చూస్తే నీళ్లు, ఎరువు లేనిచోట జట్రోఫా బతికిందే కానీ చెప్పినంత కాయలేదు. 2005లో కేంద్రం లీటరు బయోడీజిల్‌కు 25 రూపాయల ధర ప్రకటించింది. గింజలు కొని, నూనె తీసి, శుద్ధిచేసి ఆ ధరకు అమ్మడం తయారీదారులకు గిట్టలేదు. కొనేవాడు లేక చెట్లు వేసిన రైతు నష్టపోయాడు.

అదే కాలంలో ఉట్నూరు ప్రాంతంలోని పవర్‌గూడ గిరిజన మహిళలది వేరే అనుభవం. వాళ్లు కొత్త పంటను నమ్ముకోలేదు. అడవిలో ఉన్న కానుగ గింజలు ఏరి, ఊళ్లోనే చిన్న మిల్లులో నూనె తీశారు. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తోడున్నారు. డీజిల్‌కు బదులు కానుగ నూనె వాడితే గాలిలో కలవకుండా ఆగే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు లెక్కగట్టి 2003లో ప్రపంచ బ్యాంకు ఆ సంఘానికి 645 డాలర్లు చెల్లించింది. మొత్తం చిన్నదే. కానీ చేతిలో ఉన్న సరుకుతో మొదలుపెట్టిన చోట నిలబడ్డారు, లేని సరుకు మీద ఆశ పెట్టుకున్న చోట దెబ్బతిన్నారు అన్నది గుర్తుంచుకోవాల్సిన విషయం.

ఈ పాఠం ఎంజైములకూ వర్తిస్తుంది. నానో రేణువు ఎంత గొప్పదైనా నూనెను పుట్టించలేదు. ఉన్నదాన్ని మార్చగలదంతే. మరి మన దగ్గర ఉన్న సరుకేమిటి?

మూకుట్లో మిగిలిందే ముడిసరుకు

హోటళ్లు, బజ్జీబండ్లు, స్వీటు దుకాణాలు, హాస్టళ్లు... వీటి మూకుళ్లలో రోజూ నూనె మిగులుతుంది. నల్లగా, చిక్కగా మారిన ఆ నూనె చాలాచోట్ల పారబోయరు. కొత్త నూనె కలిపి మళ్లీ పొయ్యెక్కిస్తారు, లేదంటే తక్కువ ధరకు ఇంకొకరికి అమ్మేస్తారు. అది తిరిగి తిరిగి ఎవరో ఒకరి పళ్లెంలోకే చేరుతుంది. మళ్లీ మళ్లీ మరిగిన నూనెలో ఏర్పడే పదార్థాలు గుండెకూ, కాలేయానికీ చేటు చేస్తాయి.

అందుకే ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 జులై 1 నుంచి ఒక హద్దు పెట్టింది. మరగడం వల్ల పుట్టే 'పోలార్' పదార్థాలు 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదు. అదే ఏడాది ఆగస్టులో వాడిన నూనెను సేకరించి బయోడీజిల్‌గా మార్చే 'రూకో' పథకాన్ని ప్రారంభించింది. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడేవాళ్లు ఎంత కొన్నారు, ఎంత పారబోశారు, ఎవరికి ఇచ్చారన్న లెక్క రాయాలన్న నిబంధన 2019 మార్చిలో వచ్చింది. 2030 కల్లా డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలన్నది 2018 జాతీయ జీవ ఇంధన విధానం పెట్టుకున్న లక్ష్యం. కాకినాడలో ఏడాదికి లక్షన్నర టన్నుల బయోడీజిల్ తయారుచేయగల ప్లాంటు 2008లోనే వచ్చింది. కొరత యంత్రాలకు కాదు, నూనెకు.

రూల్సుతో మాత్రమే బజ్జీబండి నూనె ఆగదు. పాత నూనెకు ఇంధనంగా మంచి ధర పలికితే, దాన్ని పొయ్యి మీద పెట్టడం కన్నా అమ్ముకోవడమే లాభమని బండివాడికే తోస్తుంది. ఆ ధర పలకాలంటే ఆమ్లం నిండిన మురికి నూనెను తక్కువ ఖర్చుతో మార్చగల పద్ధతి ఉండాలి. ఎంజైము, దాన్ని మోసే ఇనుప రేణువు చేయాల్సిన పని అదే. అవి నెగ్గితే లాభపడేది బండి ఇంజిన్ ఒక్కటే కాదు, సాయంత్రం పూట పిల్లలకు బజ్జీల పొట్లం కట్టించుకెళ్లే ప్రతి ఇల్లూ!

ఇంట్లో ఇవి పాటిస్తే చాలు

* ఒకసారి పూరీలో, అప్పడాలో వేయించిన నూనెను వడకట్టి కూరలకు వాడి, త్వరగా ఖర్చుచేసేయాలి. మళ్లీ డీప్‌ఫ్రైకి వద్దు.

* నురగ కట్టినా, రంగు బాగా ముదిరినా, పొగ త్వరగా వస్తున్నా ఆ నూనె పని అయిపోయినట్టే.

* పాత నూనెను సింకులో పోయకూడదు. చల్లారాక సీసాలో నిలవచేసి, సేకరించేవాళ్లుంటే ఇవ్వాలి.

* ఇంట్లో బయోడీజిల్ చేసే ప్రయోగం అస్సలు వద్దు. మిథనాల్ విషం. ఇట్టే అంటుకుంటుంది, కంటిచూపు పోగొడుతుంది.